మూడో పట్టీ

మూడు వారాలు యోర్మత్ కొట్లో
ఐస్‌క్రీముల కింద పడుకుంది
మా అమ్మమ్మ సుజానీ,
ప్లాస్టిక్ సంచిలో, చిమ్మటల గుడ్లతో సహా.
పిల్లలొచ్చి చల్లపెట్టె మూత తెరిచినప్పుడల్లా
"అది మాత్రం ముట్టుకోకండి, ఎర్గష్ తాతది" అని వాడి కేక.

ఇవాళ బల్ల మీద బోర్లా పరిచాను.
దేన్నైనా ముందు వెనక్కి తిప్పాలి.
ఇరవయ్యారేళ్లు బస్సు డిపోలో సీట్లు కుట్టినవాణ్ణి,
ముఖం అబద్ధమాడొచ్చు గానీ
వీపు ఆడదని తెలుసు.

అస్తరు విప్పితే
రెండు గోధుమగింజలు, ఏదో పురుగు రెక్క,
ఆపైన నాకు ఆగని తుమ్ములు.
సన్నని వల కప్పి
వలమీంచి వాక్యూమ్ పట్టాను,
నిద్రపోయే బిడ్డకు జుట్టు దువ్వినట్టు.

నాలుగు పట్టీలు.
నురతాలో నాలుగిళ్లలో నలుగురు
విడివిడిగా కుట్టి, పెళ్లి ముందు
ఒకటిగా అతికారు.
అందుకే దానిమ్మపువ్వు సగం ఇటు, సగం అటు,
నడుమ వేలెడు జారింది.
ఎవరూ సరిచెయ్యలేదు.
నేనెవణ్ణి?

"ఒక్కసారి ఉతికేద్దాం తాతా,
నా పెళ్లికి గోడమీద మెరవాలి"
దిల్‌బహోర్ బకెట్ నింపేసింది కూడా.
ఆగమన్నాను.
తడిపిన దూది ఒక్కో ఎరుపు మీద పెట్టి
టీ చల్లారేదాకా కూర్చున్నాం.
ఒకటో పట్టీ దూది తెల్లగానే లేచింది. రెండోదీ, నాలుగోదీ అంతే.
మంజిష్ఠ వేరు ఎరుపు, అది ఎవరికీ లొంగదు.
మూడోది మాత్రం
దూదిని గులాబీ చేసేసింది.

పొట్లం రంగు.
ఆ ఏడు వేళ్లమ్మేవాడు రాలేదో,
ఆవిడకి అప్పు పుట్టలేదో,
కొత్త రంగు మోజో.
కథ అల్లడం తేలిక.
నేను అల్లను, నా పని కుట్టడం.
బకెట్‌లో నీళ్లు
అంజూరం మొక్కకు పోశాం.

నల్లదారం ఎక్కడా మిగల్లేదు.
ఇనుప రంగు
తనను మోసిన పోగునే తింటుంది.
అది రాలినచోట, గుడ్డ మీద
మొదట గీత గీసినావిడ కలం కనబడుతోంది.
ఒక ఆకు చివర చెయ్యి వణికింది.
కోడలు బజారునుంచి తళతళలాడే నల్లదారం తెచ్చింది
"ఆ గీతలమీద నింపెయ్యండి మామయ్యా, ఎవరికి తెలుస్తుంది?"
ఆ మాట ఎక్కడో విన్నట్టుంది.

అప్పుడు దొరికింది, నాలుగో పట్టీ అంచున.
ఆకుపచ్చ నైలాన్, ఏడు కుట్లు,
బిర్రుగా, గర్వంగా.
డిపో దారం.
నాదే.

ఇరవైనాలుగేళ్లవాణ్ణి. అమ్మ చిరుగు చూపించింది,
సీటుకు వేసినట్టు వేశాను.
"కొత్తదానిలా ఉంది" అంది.
మరిచిపోయానని అనను.
కనబడదనుకున్నాను.
నలభై ఏళ్లు ఆ నైలాన్
చుట్టూ ఉన్న చేనేత గుడ్డని
రంపంలా కోస్తూ కూర్చుంది.
చిమ్మట తిన్నది ఒక్క పువ్వు,
నేను తిన్నది అరచేయంత.

చిన్న కత్తెరతో ఒకటి తెంచాను,
ఊపిరి బిగబట్టి మరొకటి. ఆరు వచ్చాయి.
ఏడోదాన్ని లాగబోతే గుడ్డ మొత్తం కదిలింది.
ఇప్పుడు దాన్ని పట్టుకున్నది
ఆ ఒక్క కుట్టే.
వదిలేశాను.

వెనక పాత నూలుగుడ్డ ముక్క వేసి
ఒంటిపోగు పట్టుతో,
వంపుసూదితో,
లేచిన దారాలను వాటి చోటనే పడుకోబెడుతున్నాను.
కొత్త పువ్వేదీ పెట్టను.
రోజుకు బెత్తెడు. కళ్లజోడు జారితే ఆ రోజుకు చాలు.

పెళ్లిలో ఒక గంట వేలాడుతుంది, ఎండ తగలని గోడకి.
తర్వాత గొట్టానికి చుట్టి పాత దుప్పటిలో కడతాను.
మడత పెట్టొద్దని
దిల్‌బహోర్‌కి రెండుసార్లు చెప్పాను.

తను విననట్టే ఉంది.
నేను తెంచిన ఆకుపచ్చ ముక్కలు ఆరూ
అగ్గిపెట్టెలో వేసుకుంటోంది.
"ఎందుకే?" అంటే
"మీ కుట్టు కదా" అంది.